బాత్రూమ్ గోడకు బత్తాయి మందు

కొత్తగా ఉద్యోగం వచ్చినప్పుడు మనిషికి తన మీద ఉండే గొప్ప అభిప్రాయం ఆ తర్వాత జన్మంతా వెతికినా దొరకదు. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్లగొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బాటనీ లెక్చరర్‌గా చేరాను. అప్పట్లో నాకు తెలియని సంగతి ప్రపంచంలో లేదని గట్టి నమ్మకం. (ప్రపంచానికి నేను తెలియదు, అది వేరే విషయం.) అంత తెలివైనవాడికి ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు ఇల్లు కిరాయికి ఇవ్వలేదు. "పెండ్లయిందా సారూ?" అని అడగడం, కాలేదనగానే "బ్యాచిలర్లకియ్యం" అని తలుపేసుకోవడం. సరే, పెళ్ళే చేసుకుందామంటే, పిల్లనిచ్చేవాళ్ళు "పిల్లగాడు యాడుంటడు? ఇల్లెట్లున్నది?" అని అడిగేవారు. ఇల్లు కావాలంటే పెళ్ళాం ఉండాలి, పెళ్ళాం కావాలంటే ఇల్లుండాలి. నేను కాలేజీ పక్కన లాడ్జి గదిలో పడుకుని ఈ చిక్కుముడిని ఎటునుంచి విప్పాలా అని ఆలోచిస్తుండగా, మా ఓనరు పెద్దమ్మ దొరికింది.

పెద్దమ్మది మర్రిగూడ దిక్కు పల్లెటూరు. కొడుకు కట్టిన ఇంట్లో ఒక పక్క తనుండి, రెండో పక్క పోర్షన్ కిరాయికిచ్చేది. నా పెళ్ళి గురించి ఆమె అడగనే లేదు. "ఇయ్యాల కాకుంటె రేపయితది తియ్యి. గని ఒక్క మాట బిడ్డా, నీళ్ళ కాడ మాత్రం కంజూసు చెయ్యొద్దు. మంచిగ వాడుకో" అంది. నీళ్ళు పొదుపుగా వాడమని ప్రాణాలు తీసే ఓనర్లను చూశాను గానీ, వాడకపోతే ఊరుకోనన్న ఓనరును చూడటం అదే మొదలు. ఆమె ఊళ్ళో తాగే నీళ్ళే ఫ్లోరైడుతో విషమై, పళ్ళు పసుపెక్కి, మోకాళ్ళు పట్టేసి, ట్యాంకరు వెనక బిందెతో పరుగెత్తి బతికిన మనిషి. ఇప్పుడు నల్లా తిప్పితే నీళ్ళు. మీట నొక్కితే మోటరు. అందుకే పొద్దున్నే మోటరు వేసి, మెట్ల మీద కూర్చుని, పైనున్న ట్యాంకు నిండి పొర్లి గోడ మీద నుంచి జలజలా కారేదాకా కట్టెయ్యదు. "పెద్దమ్మా, నిండింది" అని అరిస్తే, "ఉండు బిడ్డా, జరసేపు పొర్లనీయ్. చూస్తుంటె కడుపు నిండుతాంది" అనేది.

ఆ ట్యాంకు సరిగ్గా నా బాత్రూమ్ నెత్తిన ఉంది. పొర్లిన నీళ్ళు కారేది నా బాత్రూమ్ గోడ మీదే, కప్పు మూల పగులులోంచి లోపలికి కూడా. దానికి తోడు బాత్రూమ్‌కున్న ఒకే ఒక్క కిటికీకి చెక్క కొట్టేసి ఉంది. ఇదివరకు అందులోంచి కోతులు దూరి, కిరాయికున్నాయన తానం చేస్తుండగానే చేతిలో సబ్బు గుంజుకుపోయాయట. ఇంకేం, నీళ్ళు పుష్కలం, గాలి నిల్, వెలుతురు నిల్. నేను వెళ్ళిన నెల తిరగకముందే మూలన కాటుక చుక్కంత బూజు కనిపించింది. వానలు మొదలయ్యేసరికి అది గోడంతా పాకి, పైకప్పుకెక్కి, నల్లగా ఒకచోట, పచ్చగా ఒకచోట, నూగునూగుగా ఇంకోచోట సంసారం పెట్టింది. క్లాసులో శిలీంధ్రాల పాఠం చెప్పేటప్పుడు "ఇవి చెమ్మ, చీకటి ఉన్నచోట వృద్ధి చెందుతాయి" అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఇంటికొస్తే అవి నా మీద బల్ల గుద్దేవి. బ్లీచింగ్ పౌడరు చల్లి రుద్దితే కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారాయి గానీ, బూజు మాత్రం సెలవు మీద వెళ్ళినట్టు నాలుగు రోజులు వెళ్ళి, చుట్టాలను వెంటేసుకుని తిరిగొచ్చింది. పోనీ కనపడకుండా ఒక పెద్ద క్యాలెండర్ తగిలిస్తే, వారం తిరిగేసరికి క్యాలెండర్‌కూ పట్టింది. పెద్దమ్మతో మొరపెట్టుకుంటే నడుం మీద చెయ్యేసుకుని నవ్వింది. "మా ఊర్ల గొంతు తడుపుకోనీకి నీళ్ళు లేకుండె. నీ గోడలకు సుత దూప తీరింది, అదృష్టవంతునివి పో!" అంది. అంతటితో ఆ కేసు కొట్టేశారు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, ఒక సంబంధం చెడిపోకపోతే. మా దిక్కు చుట్టం గడప తొక్కగానే మొదట కాళ్ళకు నీళ్ళివ్వాలి. కాళ్ళు కడుక్కున్నాకే కూర్చోవడం, మంచినీళ్ళు, మంచీచెడ్డా. ఊళ్ళో అయితే వాకిట్లో బండ మీద ఆ కార్యక్రమం అవుతుంది. నా పోర్షన్‌కు వాకిలే లేదు. తలుపు తీస్తే రోడ్డు. కాబట్టి వచ్చినవాళ్ళను నేరుగా బాత్రూమ్‌లోకే పంపాలి. అంటే పిల్ల తరఫువాళ్ళు నన్ను సరిగ్గా చూడకముందే, నా పుస్తకాల బీరువా చూడకముందే, నా బూజును చూస్తారన్నమాట. మొదట ఇల్లు చూడ్డానికొచ్చిన పెద్దమనిషి బాత్రూమ్‌లోంచి కాళ్ళు తుడుచుకుంటూ వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "సారుకు దగ్గు, దమ్ము గిట్లేమన్న ఉన్నదా?" అని అడిగాడు. లేదన్నాను. సరిగ్గా అప్పుడే పొలమారి దగ్గొచ్చింది. ఆయన చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

అది పోయినందుకు నాకేం బాధలేదు. కానీ ఆ తర్వాత కొల్లాపూర్ సంబంధం వచ్చింది. మేం వెళ్ళి పిల్లను చూశాం. బీఎడ్ చదివింది. వాళ్ళకు మామిడితోట ఉంది. పిల్ల పళ్ళెంలో మిర్చీలు తెచ్చి అందరికీ పెట్టి, మిగిలిన ఒక్కటీ తనే తీసి కొరికి, "జర ఉప్పెక్కువయింది, ఏమనుకోకున్రి" అని ఫక్కున నవ్వింది. పెళ్ళిచూపుల్లో తలవంచుకుని కూర్చునే పిల్లల గురించి విన్నాను గానీ, ఉప్పు చూసి తీర్పు చెప్పే పిల్ల ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆ నవ్వు దగ్గర నా పని అయిపోయింది. బస్సులో తిరిగొస్తుంటే దేవరకొండ ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు. ఈ సంబంధం తప్పిపోతే ఇంకో సంబంధం చూసే ఓపిక నాకు లేదని, అసలు అక్కర్లేదని ఆ రోజే తేలిపోయింది.

శ్రావణం రాగానే బాపు, అంటే మా నాన్న, ఫోన్ చేశాడు. "అరేయ్, ఆదివారం పిల్ల తరఫోళ్ళు ఇల్లు చూడనీకి వస్తాన్రు. అన్నీ మంచిగ సదిరిపెట్టు." "బాపూ, బాత్రూంల బూజు…" అన్నాను. "బూజుకేందిరా, నేనొస్త, ఫికర్ చెయ్యకు" అన్నాడు. శనివారం పొద్దున్నే నార్కట్‌పల్లి అవతలి మా ఊరినుంచి భుజాన ఒక సంచి బత్తాయిలు, చంకలో ఇంకో సంచితో దిగాడు. మాది బత్తాయి తోట. బాపు లోకంలో ఉన్నవి రెండే రకాలు, బత్తాయి చెట్లు, బత్తాయి చెట్లు కానివి. వస్తూనే బాత్రూమ్‌లోకి వెళ్ళి, గోడను గోరుతో గీకి, వాసన చూసి, చెట్టు బెరడు తట్టినట్టు అరచేత్తో తట్టి, "నీరు పట్టిందిరా. అచ్చం బంక తెగులు లెక్కనే ఉన్నది. మందు పూద్దాం" అన్నాడు. సంచిలోంచి మైలుతుత్తం, సున్నం తీశాడు. రెండూ కలిపి చెట్ల మొదళ్ళకు పూస్తే తెగులు రాదని మా దిక్కు తోటలవాళ్ళందరికీ తెలుసు. నేను కూడా ఎగిరి గంతేశాను. ఎందుకంటే అదే బోర్డో మిశ్రమం, బ్రహ్మాండమైన శిలీంధ్ర నాశని, నేను క్లాసులో చెప్పేదే! తండ్రి తోట, కొడుకు పుస్తకం ఒకే మాట మీదకు రావడం నా జన్మలో అదే మొదటిసారి. అప్పుడే అనుమానించాల్సింది.

ఇద్దరం పంచెలు ఎగ్గట్టి, ఒక ప్లాస్టిక్ బకెట్లో మైలుతుత్తం, ఇంకో దాంట్లో సున్నం కరిగించి కలిపాం. చిక్కగా, ఆకాశంలాంటి నీలం రంగు లేపనం తయారైంది. బాపు కుంచె పట్టి నేల నుంచి నడుమెత్తు దాకా చకచకా పూసి, కుంచె పక్కన పెట్టేశాడు. "అయిపోయింది, పా."

"అదేంది బాపూ, బూజు పైనున్నది గదా?"

"మొదలుకు పూస్తె సాలురా, పైకి తెగులు పోదు."

"గోడకు మొదలేంది, కొమ్మలేంది? పైదాకా పూయి!"

బాపు కాసేపు గోడను అనుమానంగా చూసి, ఒప్పుకుని, పైకప్పుతో సహా అంతా పూశాడు. చెక్క కొట్టిన కిటికీని కూడా వదల్లేదు. పెద్దమ్మ తొంగిచూసి "అబ్బ, ఏం సక్కదనం! నీళ్ళ రంగేసిన్రు బిడ్డా" అని మురిసిపోయింది. మా చేతులు మోచేతుల దాకా నీలం. బూజు ఆనవాలు లేదు. తండ్రీకొడుకులం ఒకరినొకరు చూసుకుని, యుద్ధం గెలిచినవాళ్ళలా చాయ్ తాగాం.

మేం మరిచిపోయిన ముచ్చట ఒకటుంది. తోటలో అయితే పూసిన గంటలో ఎండకు ఎండిపోతుంది. గాలి చొరని బాత్రూమ్‌లో, శ్రావణం ముసుర్లో, అది ఎండదు. ఆదివారం పొద్దున వేలు పెట్టి చూస్తే వేలంతా నీలమే. అప్పుడే ఊరినుంచి దిగిన అమ్మ ఆ గది చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ తండ్రీకొడుకుల తెలివి తెల్లారినట్టే ఉన్నది! కొండనాలుకకు మందేస్తె ఉన్న నాలుక ఊడె. ఇగ కాళ్ళకు నీళ్ళు బయట్నే ఇయ్యున్రి" అంది. "వానల, రోడ్డు మీద, చుట్టాల కాళ్ళు కడిగిస్తమా? ఇజ్జత్ పోదా?" అని బాపు గయ్యిమన్నాడు. వాళ్ళిద్దరూ ఈ వాదంలో ఉండగానే బయట కారు ఆగింది. అనుకున్నదానికంటే చాలా ముందే వచ్చేశారు.

దిగింది పిల్ల తండ్రి, తల్లి, మేనమామ. తండ్రి నెమ్మదైన మనిషి. మేనమామ మాత్రం ఇస్త్రీ చెదరని తెల్ల లాల్చీలో ఉన్నాడు. సంబంధాల్లో వంక వెతకడంలో ఆయన పేరు మా ఊరిదాకా పాకింది. ఆయన చేతిలో ఫోను, ఫోన్లో వీడియో కాల్, అందులో పిల్ల! "బిడ్డకు ఇల్లు చూపిస్తున్న" అంటూ గడపలోంచే మొదలుపెట్టాడు. "ఇగో, గిది ముందటి అర్ర. గిది వంటిల్లు, జర ఇరుకున్నది. గిదేమో…" అని బాత్రూమ్ వైపు తిరిగాడు. "కానీ బామ్మర్దీ, ముందుగాల నువ్వే కడుక్కో" అన్నాడు పిల్ల తండ్రి. గోడ ముట్టుకోవద్దని చెబుదామని నేను నోరు తెరిచాను. "గోడ…" అనే మాట దాకా వచ్చింది. ఆయన అప్పటికే లోపలున్నాడు.

కాళ్ళు కడుక్కునేటప్పుడు మనమందరం ఏం చేస్తాం? ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో మొదటి పాదం రుద్దుకుంటూ, చేత్తో గోడ పట్టుకుంటాం. ఆయనా అదే చేశాడు. ఒక చేతిలో ఫోను, రెండో చెయ్యి గోడకు. చెయ్యి సర్రున జారింది. భుజం గోడకు ఆనింది, ఆ తర్వాత వీపు, ఆ తర్వాత తలకాయ. అక్కడితో అయిపోయినా బాగుండేది. చుట్టాలొస్తున్నారు, నీళ్ళకు తక్కువ కావద్దని పెద్దమ్మ అంతకుముందే మోటరు వేసింది. ట్యాంకు పొర్లి, కప్పు మూలనుంచి ధారగా, మేం పూసిన మందును కరిగించుకుని, ఆయన నడినెత్తిన పడింది. ఆయన కంగారులో అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు.

ముందు ఫోన్లోంచి కేక వినబడింది. "అయ్యో మామా! నీకేమయిందే? అంత నీలం పడ్డవు!" మేం పరుగెత్తేసరికి ఆయన ఫోను సబ్బు గూట్లో పెట్టి, నిలువెల్లా నీలంగా, రెండు కళ్ళు మాత్రం తెల్లగా, అలాగే నిలబడి ఉన్నాడు. "నోట్లకు పోనియ్యకు తమ్మీ, మందు అది!" అని బాపు అరిచాడు. "మందా? ఏం మందు?" అని ఆయన గొంతు పిల్లిలా పలికింది. పిల్ల తండ్రి మాత్రం బామ్మర్దిని దాటుకుని గోడ దగ్గరికి వెళ్ళి, లేపనం వేళ్ళ మధ్య నలిపి చూసి, "మైలుతుత్తమా?" అన్నాడు. ఔనన్నాడు బాపు. "సున్నం జర తక్కువైనట్టున్నది బావా. మేం మామిడికి ఇంకింత ఎక్కువేస్తం." "బత్తాయికి గింతే సాలు బావా, ఎక్కువైతె పొక్కులు లేస్తది." ఇద్దరూ అక్కడే బాత్రూమ్ గడపలో నిలబడి పాళ్ళ మీద చర్చకు దిగారు. మధ్యలో నీలం మనిషి ఒకడు కారుతున్నాడన్న ధ్యాస ఇద్దరికీ లేదు.

"ఆపుండ్రి!" అన్నాడు మేనమామ. "గోడకు రోగమాట, రోగానికి మందాట, మందేమో నాకాట! గిదొక ఇల్లేనా? బావా, పోదాం పాండ్రి." మిర్చీల పళ్ళెం, ఆ నవ్వు, కొల్లాపూర్ నుంచి తిరిగొచ్చిన బస్సు, అన్నీ ఆ నీలం నీళ్ళతో కలిసి మోరీలో కొట్టుకుపోతున్నట్టే అనిపించింది. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు సబ్బు గూట్లోంచి గొంతు వచ్చింది. "మామా, ఫోను ఆయనకియ్యి."

నిన్నటి నీలం ఇంకా వదలని చేతులతో ఫోను అందుకున్నాను. ఆమె నవ్వడం లేదు. "గోడకు మందెందుకు పూసిన్రు? నిజం చెప్పున్రి" అంది. గాలిలో తేమ శాతం గురించి, సిద్ధబీజాల గురించి ఒక పాఠం నా నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. "బూజు పట్టిందండీ. గోడ చూసి మీరు నన్ను వద్దంటరేమోనని శాన భయమయింది" అన్నాను. ఫోన్లో ఆమె పెదవి బిగబట్టింది. ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. "మరి మీరు మా ఇంటికొచ్చిననాడు వాకిట్ల బకెట్ పెట్టి కాళ్ళకు నీళ్ళిచ్చినం గదా? ఎందుకనుకున్నరు? మా బాత్రూం గోడ మీ గోడకంటె నల్లగున్నది! మా బాపు తలుపుకు తాళమేసి తాళంచెవి జేబుల పెట్టుకున్నడు!"

పిల్ల తండ్రి తెలియకుండానే జేబు తడుముకున్నాడు. "నోరు ముయ్యవే పిల్లా" అని తల్లి ఫోన్‌ను కసిరింది గానీ, ఆమెకే ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత అమ్మకు, బాపుకు. మేనమామ అద్దంలో తనను తాను చూసుకుని, బిగబట్టి, బిగబట్టి, చివరికి ఆయనే అందరికంటే గట్టిగా నవ్వాడు. నోరు తీపి చేసుకుందామని అమ్మ చక్కెర గిన్నె తెస్తే, ఆయన గుప్పెడు తీసి బాపు నోట్లో పెట్టబోయాడు. బాపు రెండడుగులు వెనక్కి దూకాడు. "తమ్మీ, నీ కాల్మొక్త, ముందుగాల చెయ్యి కడుక్కో!"

పెళ్ళయ్యాక ఆమె ఆ పోర్షన్‌లోకే కాపురానికొచ్చింది. వచ్చిన వారానికే కిటికీకున్న చెక్క ఊడబీకి, కోతులు దూరకుండా ఇనుప జాలీ కొట్టించింది. పొర్లే నీళ్ళకు ఒక పైపు కట్టి పెద్దమ్మ కాకరపాదు మొదట్లోకి వదిలింది. ఇక పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని పాదు మొదట్లో పొర్లే నీళ్ళు చూసుకునేది. గాలి ఆడింది, గోడ ఆరింది, బూజు చాలామట్టుకు పోయింది. మిగిలింది ఆదివారాలు ఇద్దరం చెరో బ్రష్షు పట్టుకుని, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటూ రుద్దేవాళ్ళం. మా సినిమాలు, షికార్లు అన్నీ అక్కడే. ఇప్పుడు సొంతిల్లు. బాత్రూమ్ నిండా టైల్సు, గాలి తోడేసే ఫ్యాను, వెతికినా మరక దొరకదు.

మొన్నీమధ్య ఒక వాన సాయంత్రం ఆ ముచ్చటే వచ్చి, "గోడంత పాడుగున్నా నన్నెట్ల ఒప్పుకున్నవే?" అని అడిగాను. ఆమె కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండానే చెప్పింది. "గా గోడ తెల్లగ ఉండుంటె వద్దనేదాన్ని. లెక్చరరాయె, ఇల్లు అద్దం లెక్క పెట్టుకుంటడేమో, గసొంటి ఇంట్ల నేనేం బతుకుత అని పొద్దటిసంది ఒకటే భయం నాకు. బూజు అనంగనే పానం నిమ్మళమయింది." నేను చాలాసేపు నవ్వాను. నవ్వుతుంటే, మోచేతుల దాకా నీలం పూసుకుని, తెల్లారితే ఏమవుతుందోనని చాప మీద అటూ ఇటూ దొర్లిన ఆ పిల్లగాడు గుర్తొచ్చాడు. ఆ శనివారం ఎవరైనా వాడి చెవిలో ఈ ఒక్క మాట వేసి ఉంటే, పాపం, హాయిగా నిద్రపోయేవాడు.